వస్తున్న తల్లుల జాబితా

కామాక్షి చనిపోయి రెండేళ్లు దాటినా ఆమె ఫోనుకు నేను రీచార్జి చేయిస్తూనే వచ్చాను. ప్రేమ కొద్దీ కాదు. బడి వార్తలు ఆ నంబరుకే వస్తాయి.

వినీలను ఒకటో తరగతిలో చేర్చిన రోజు బడివాళ్లు తల్లి నంబరే రాసుకున్నారు. వాట్సాపులో గుంపు కట్టినప్పుడు దానికి 'మా బడి – తల్లులు' అని పేరు పెట్టారు. తండ్రుల నంబర్లు పెడితే చూడరు, చూసినా ఇంట్లో చెప్పరు అనేవాడు పాత హెడ్మాస్టరు. నంబరు మార్పించుకోరాదా అని నాతోపాటు పనిచేసే పెంచలకృష్ణ రెండుసార్లు అన్నాడు. మార్పించాలంటే బడికి పోయి, ఎందుకు మార్చాలో నోటితో చెప్పాలి. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. హెడ్మాస్టరుకు సంగతి తెలుసు కాబట్టి అట్లాగే జరిగిపోయింది.

ఈ జూన్‌లో ఆయనకు బదిలీ అయింది. ఎలిశబెతు టీచరు వచ్చింది. ఇరవై ఆరుమంది పిల్లలకు ఆమె ఒక్కతే. కావలి నుంచి స్కూటీ మీద వస్తుంది. పాతాయన నెలకు రెండు కబుర్లు పెట్టేవాడు, ఈమె రోజుకు రెండు పెట్టడం మొదలుపెట్టింది. 'పన్నెండో తేదీన బడి తెరుస్తున్నాము. పిల్లలకు తలంటి, గోళ్లు తీసి పంపగలరు.' 'బూట్ల కొలతలకు రేపు పిల్లలందరూ తప్పక రావాలి.' 'బుధవారం నులిపురుగుల మాత్రలు వేస్తారు. ఖాళీ కడుపుతో పంపరాదు.' చదివినట్టు కింద గుర్తు పెట్టకపోతే ఫోను చేస్తుంది. నేను సరుగుడు తోపుల్లో చెట్లు కొడతాను. గొడ్డలి పట్టుకున్నవాడికి ఫోను తీయడమే ఒక పని. టింగుమనగానే బొటనవేలు బొమ్మ నొక్కి మళ్లీ జేబులో పడేసేవాణ్ణి. అక్కడ గుంపులో మాత్రం ఆ వేలు కామాక్షి పేరుతో లేచేది. 'కామాక్షి, వినీల 4వ తరగతి' అని.

బడి తెరవడానికి ముందురోజు ఇంకో కబురు వచ్చింది. 'ఈ ఏడాది మధ్యాహ్న భోజనం వండువారు శ్రీమతి మాలకొండమ్మ. తల్లులందరూ సహకరించగలరు.'

దానికి నేను గుర్తు పెట్టలేదు.

మాలకొండమ్మ కామాక్షికి సొంత అక్క. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. ఒకప్పుడు ఊళ్లో ఆడవాళ్లను పోగుచేసి రొయ్యల షెడ్డుకు పనికి తీసుకుపోయేది. రొయ్యలు ఒలిచే పని. ఒక్క ఆటోలో పద్నాలుగు మంది. ఆ రోజు పద్నాలుగో మనిషి కామాక్షి. కాలువకట్ట మీద ఆటో బోల్తా కొట్టింది. డ్రైవరు పక్కన కూర్చున్న మాలకొండమ్మకు కాలు విరిగింది. మిగతావాళ్లకు దెబ్బలు తగిలాయి. కామాక్షి ఒక్కతే పోయింది.

దినాల రోజున మాలకొండమ్మ కర్ర పట్టుకుని కుంటుకుంటూ మా ఇంటికి వచ్చింది. పందిట్లో అందరూ ఉన్నారు. "నా పెళ్లాన్ని తీసుకుపోయి చంపినావు. నా గడప తొక్కొద్దు" అన్నాను. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కాసేపు నిలబడి, కర్ర తిప్పుకుని వెళ్లిపోయింది. ఊరు నా మాటే నమ్మింది. ఆ తర్వాత ఆమెతో పనికి పోయే ఆడది లేకపోయింది. నేనుగాని, వినీలగాని ఆమెతో మాట్లాడింది లేదు. వినీల సంగతి అట్లా అనుకుంటూ ఉన్నాను.

బడి తెరిచిన రోజు నేనే వినీలను తీసుకుపోయాను. వంటపాక వైపు చూడకుండా నేరుగా టీచరు బల్ల దగ్గరికి నడిచాను.

"నా బిడ్డ బడి అన్నం తినదు మేడం."

"ఎందుకండీ? ఏమైనా పడదా?"

"తినదు. నేను క్యారేజీ పంపిస్తా."

"మీ ఇష్టం. ఒకసారి అమ్మగారితో మాట్లాడతాను లెండి" అంది ఎలిశబెతు టీచరు హాజరు పుస్తకం తెరుస్తూ. "కామాక్షి గారే కదా? నేను ఏ కబురు పెట్టినా అందరికంటే ముందు గుర్తు పెట్టేది ఆవిడే. అలాంటి తల్లులు పదిమంది ఉంటే చాలు నాకు."

అప్పుడే చెప్పి ఉండవలసింది. వినీల నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నా ముఖంలోకి చూసింది. "సరే మేడం" అని బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి తెల్లవారక ముందే లేచి వంట మొదలుపెట్టాను. అన్నం, ఏదో ఒక పులుసు, లేకపోతే పప్పు. డబ్బాలో సర్ది, మూత బిగించి, వినీల సంచిలో పెట్టేవాణ్ణి. పెంచలకృష్ణ మా తోపులో ట్రాక్టరు తోలతాడు. బడి కమిటీకి వాడే చైర్మను. రోజూ నన్ను చూసి నవ్వేవాడు.

"ఏందన్నా, పులుసు కాస్తున్నావంట? మా వదిన ఉన్నప్పుడు తాగిన గ్లాసు కడిగినోడివి గాదే."

"నీ ట్రాక్టరు నువ్వు తోలుకో."

"తోలుకుంటాలే. ఇరవై ఐదుమంది పిల్లోళ్లు తినే కూడు నీ బిడ్డకు మాత్రం విషమా? ఎందుకన్నా అంత పౌరుషం?"

"నీ పెళ్లాం పోయినాక నాతో మాట్లాడు" అన్నాను.

వాడు నవ్వడం ఆపి ట్రాక్టరు ఎక్కాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ అదే బాగుండింది.

డబ్బా సాయంత్రానికి ఖాళీ అయి వచ్చేది. ఒక్క మెతుకు ఉండేది కాదు. కడిగి కూడా ఉండేది. బిడ్డకు నా వంట అలవాటైందనుకున్నాను. నాలో నేను కొంత గర్వపడ్డాను కూడా.

జూలై మొదట్లో ఎండ ఇంకా తగ్గలేదు. పడమటి గాలి రేగి ఇసుకను కళ్లలో కొట్టేది. ఒక మధ్యాహ్నం తోపులో నీడన కూర్చుని ఉండగా కామాక్షి ఫోను మోగింది. 'ఈరోజు భోజనంలో కోడిగుడ్డు. పిల్లలు ఇష్టంగా తిన్నారు' అని టీచరు నాలుగు ఫొటోలు పెట్టింది. గుర్తు పెట్టబోయి ఆగాను. మూడో ఫొటోలో వరుస చివర వినీల కూర్చుని ఉంది. ముందు బడి పళ్లెం, పళ్లెం నిండా అన్నం. మాలకొండమ్మ వంగలేని కాలును పక్కకు చాపి నేల మీద కూర్చుని ఉంది. ఒలిచిన గుడ్డును తన చేత్తో రెండు ముక్కలు చేసి బిడ్డ పళ్లెంలో పెడుతోంది. బిడ్డ ఆమె భుజానికి ఆనుకుని ఉంది. ఒక్కరోజులో అట్లా ఆనుకోవడం రాదు.

సాయంత్రం ఇంటికి పోయి అడిగాను.

"మధ్యాహ్నం ఏం తిన్నావు?"

"నువ్వు పెట్టిందే."

ఫోను తీసి ఫొటో చూపించాను. చాలాసేపు చూసింది. తల ఎత్తలేదు.

"గుడ్డు" అంది.

"గుడ్డు ఒక్కటేనా?"

"అన్నం గూడా."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఫస్టు రోజు నుంచి."

"మరి నా క్యారేజీ ఏం జేస్తున్నావు? కుక్కకు పోస్తున్నావా?"

"లేదు నాన్నా. పెద్దమ్మ తింటాది."

ఫోను తిప్పి పక్కన పెట్టాను.

"తిని ఏమంటాది?"

"ఏమీ అనదు. తిని, డబ్బా కడిగి నా సంచిలో పెడతాది. ఒక రోజు పులుసు నోట్లో పెట్టుకోని రెండు గ్లాసులు నీళ్లు తాగింది. బాగలేదా పెద్దమ్మా అంటే, మీ నాయన చేసినాడు గదా, తినాల అన్నింది."

బిడ్డను కొట్టలేదు. కొడితే బాగుండేదేమో, దానికీ నాకూ అక్కడితో తీరిపోయేది. కావలి రోడ్డులో ఒక ఇంగ్లీషు బడి ఉంది. దాని పసుపుపచ్చ వ్యాను మా రోడ్డు మొదట్లోకి వచ్చి పిల్లలను ఎక్కించుకుపోతుంది. అందులో వేయాలని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

సోమవారం బడికి పోయి టీసీ అడిగాను. ఎలిశబెతు టీచరు కుర్చీలోంచి లేచింది.

"ఇప్పుడు, మధ్యలో ఎందుకండీ? పాప బాగా చదువుతోంది. ఎక్కాలు పదిహేను దాకా వచ్చు."

"అక్కడ గూడా చదువుతాది."

"ఇంట్లో అందరూ అనుకున్నదేనా?"

"ఇంట్లో నేను జెప్పిందే."

ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. ఏ రకం మగవాడో తేల్చుకున్నట్టు కనబడింది. "శనివారం తల్లిదండ్రుల సమావేశం పెడుతున్నాను. అది కానివ్వండి. అదే రోజు సంతకం పెట్టి తీసుకుపోదురు గాని" అంది.

వినీల ఏడవలేదు. ఆ బడిలో వంట ఎవరు చేస్తారని మాత్రం అడిగింది. అక్కడ వంట లేదు, అందరూ క్యారేజీలే తెచ్చుకుంటారు అన్నాను.

"పొద్దున పోతే ఎప్పుడొస్తా?"

"ఐదున్నరకు."

"పెద్దమ్మ మూడున్నరకే పోతాది గదా" అని తనలో తానే లెక్క వేసుకుంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నాతో అసలు మాట్లాడటమే తగ్గించింది. అడిగితే ఊ అంటుంది, లేకపోతే లేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఇద్దరం అద్దెకున్నవాళ్ల మాదిరిగా తిరిగాము.

బుధవారం లారీకి కర్ర ఎత్తుతుండగా ఫోను టింగుమంది. సమావేశం కబురు. పొడుగ్గా ఉంది. 'శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు తల్లిదండ్రుల సమావేశం జరుగును. తల్లులకు ముగ్గుల పోటీ. తండ్రులకు తాడు లాగుడు. పిల్లల ప్రగతి కార్డులు అందజేయబడును' అన్నంతవరకు కనబడింది. మిగతాది కావాలంటే ఇంకా చదవండి అన్నచోట నొక్కాలి. నా భుజం మీద దుంగ ఉంది. వెనకవాడు తిడుతున్నాడు. ఎప్పటిలాగే బొటనవేలు బొమ్మ నొక్కి ఫోను జేబులో వేసుకున్నాను.

శుక్రవారం పొద్దుగుంకక ముందు వాకిట్లో కూర్చుని గొడ్డలి పదును పెడుతున్నాను. వినీల పక్కింట్లో ఆడుకుంటోంది. దడి అవతల ఎవరో వచ్చి ఆగారు. తల ఎత్తకుండానే తెలిసింది. ఆ కాలు ఈడ్చే చప్పుడు ఊళ్లో ఇంకెవరిదీ కాదు.

"అబ్బయ్యా" అంది మాలకొండమ్మ.

నేను ఆకురాయి ఆపలేదు.

"లోపలికి రాన్లే. ఈడ్నుంచే రెండు మాటలు జెప్పి పోతా. పాపను బడి మార్చొద్దు. ఆ వ్యానులో పదిమంది ఎక్కే చోట ఇరవైమందిని కుక్కుతారు. పొద్దున అది కాలవకట్ట మీద పోతావుంటే జూసినా."

గొడ్డలిని రెండో వైపుకు తిప్పాను.

"నా మొఖం జూడకూడదనే గదా నువ్వు మార్చేది? నేనే మానుకుంటా. సోమవారం నుంచి వంటకు రానని టీచరమ్మకు జెప్పేస్తా. పొయ్యికాడికి ఎవురో ఒకరు వస్తారు. పాప మాత్రం ఆడ్నే సదువుకోనీ."

దడి మీద చెయ్యి వేసి నిలబడింది. ఊపిరి గట్టిగా తీస్తోంది. రెండు వీధులు నడిచేసరికే ఆమెకు ఆయాసం.

"నన్ను నువ్వు ఎన్నన్నా అనుకో అబ్బయ్యా. రెండేండ్లు అన్నావు. నేను ఎప్పుడన్నా ఎదురు జెప్పినానా? ఆ తెల్లారి ఫోను సంగతి మా ఇంటాయనకు గూడా జెప్పలా. ఇంక జెప్పేదీ లేదు. ఆ సంగతి పాప ఇనిందంటే నీ దగ్గర ఉండదు."

అంతే అంది. కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆకురాయి నా చేతిలో ఎప్పుడు ఆగిందో తెలియదు.

ఆ ఫోను చేసింది నేను. ఆ రోజు తెల్లవారుజామున కామాక్షి తలనొప్పిగా ఉంది, పనికి పోను అని పడుకుంది. నేనే బయటికి వచ్చి మాలకొండమ్మకు ఫోను చేశాను. "వదినా, కామాక్షి వస్తాది. ఆటో మా ఇంటి ముందర ఆపు" అన్నాను. కారణం కూడా పెద్దదేమీ కాదు. ముందురోజు ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆ పగలంతా ఇంట్లో ఆమె ముఖం చూడటం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని లేపి పంపించాను. దినాల రోజు పందిట్లో మాలకొండమ్మ ఆ ఒక్క మాట అని ఉంటే నన్ను చూసే చూపులు వేరుగా ఉండేవి. ఆమె అనలేదు. అనదని తెలిసే నేను అంత గట్టిగా అరిచానేమో కూడా. రెండేళ్లు ఇది పక్కకు నెట్టి బతికాను.

శనివారం బడి ముందు షామియానా వేశారు. గాలికి అది ఎగిరెగిరి పడుతోంది. ముగ్గులు అప్పటికే సగం ఇసుక కిందకు పోయాయి. టీసీ కోసం వచ్చినవాణ్ణి కాబట్టి వెనకగా, గోడ దగ్గర నిలబడ్డాను. తాడు లాగడానికి రమ్మని పెంచలకృష్ణ చెయ్యి ఊపాడు. పోలేదు.

తాడు లాగుడు అయ్యాక టీచరు మైకు అందుకుంది. షామియానా కింద ఒక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. వాటి వీపుల మీద కాగితాలు అంటించారు. ఏమిటా కాగితాలు అని అప్పుడు పట్టించుకోలేదు. పిల్లలు ఒక్కొక్కరూ ఇత్తడి పళ్లెం, చెంబు, పసుపు పొట్లం పట్టుకుని బడి లోపలి నుంచి వరుసగా వచ్చి ఒక్కో కుర్చీ ముందు నిలబడ్డారు.

"ఇప్పుడు పిల్లలు తల్లుల కాళ్లు కడిగి దండం పెట్టుకుంటారు. పేరు పిలిచిన తల్లి వచ్చి తన కుర్చీలో కూర్చోవాలి" అంది టీచరు. ఒక్కో పేరు చదువుతోంది. ఒక్కో తల్లి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, సిగ్గుపడుతూ వచ్చి కూర్చుంటోంది. వాళ్ల వాళ్లు వెనక నుంచి ఎగతాళి చేస్తున్నారు. "కాళ్లు ముందే కడుక్కోని వచ్చినావా, లేకుంటే బిడ్డ చెంబు చాలదు" అంటోంది మా వీధి పోలేరమ్మ, కోడలిని చూసి. అందరూ నవ్వుతున్నారు.

"వినీల తల్లి, కామాక్షి గారు" అని టీచరు చదివింది.

నవ్వులు ఆగాయి.

"కామాక్షి గారూ, ఎక్కడున్నారమ్మా? వస్తున్నట్టు గుర్తు పెట్టారు కదా. పాప ఎదురుచూస్తోంది."

ఆమె కొత్త మనిషి. ముఖాలు ఎందుకు అట్లా అయ్యాయో ఆమెకు తెలియదు. ఇంకోసారి పిలిచింది. పిలిచిన పేరు బడి గోడలకు తగిలి మళ్లీ వినబడింది. వినీల ఖాళీ కుర్చీ ముందు పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. చెంబులో నీళ్లు ఒలకకుండా చూసుకుంటోంది. కాగితం మీద పేరును చూస్తోంది తప్ప ఇంకెటూ చూడటం లేదు.

పెంచలకృష్ణ పరుగున పోయి టీచరు చెవిలో చెప్పాడు. టీచరు చేతిలో మైకు కిందికి దిగిపోయింది.

"ఎవురమ్మా ఆ పేరు రాసింది?" అని పోలేరమ్మ అందుకుంది. "సచ్చిపోయిన మనిషిని మైకులో పిలుస్తారా? సదువుకున్నోళ్లకు అంత మాత్రం కనుక్కోవాలని తెలవదా?"

ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా తగులుకున్నారు. "ప్రభువా" అని టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గుర్తు వచ్చింది కదా అని మెల్లగా ఏదో చెప్పబోయింది, ఎవరూ వినలేదు. నేను గోడ దగ్గరే ఉన్నాను. బుధవారం లారీ దగ్గర, వచ్చే తల్లులు గుర్తు పెట్టమన్న ముక్క చదవకుండానే నేను నొక్కిన వేలు నాకు గుర్తుకు వచ్చింది. తప్పు నాదని ఒక్క మాట అంటే ఆమెను తిట్టడం ఆగేది. అనలేదు. నోరు తెరుచుకోలేదు.

కాళ్లు మాత్రం కదిలాయి. బడి వెనక వంటపాకలోకి పోయాను.

మాలకొండమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. పెద్ద గిన్నెలో సాంబారు ఉడుకుతోంది. చేతిలో గరిటె ఉంది కానీ తిప్పడం లేదు. మైకులో చెప్పిందంతా ఆమెకు వినబడింది. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. కొడతాననుకుందేమో.

"పిలుస్తుండారు" అన్నాను.

"ఎవుర్ని?"

"పాప నిలబడుకోని ఉండాది. పో వదినా."

వదినా అన్న మాట నా నోట్లో నుంచి వచ్చి రెండేళ్లయింది. ఆమె గరిటెను చూసింది, పొయ్యిని చూసింది.

"సాంబారు…"

"నేను జూస్తా."

గరిటె నా చేతికి ఇచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చేతులు తుడుచుకుంది. పాక గుమ్మం దాకా పోయి, కాళ్లు చూసుకుని ఆగింది. మసి, బియ్యం కడిగిన నీళ్ల మరకలు. "కడుక్కోని పోతా" అంది.

"కడిగేదానికే పిలిచింది. పో."

వెళ్లింది. నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. అటు తిరిగితే కిటికీ సందులోంచి షామియానా కనబడుతుంది. తిరగలేదు. ముందు సందడి తగ్గిపోయింది. తర్వాత నీళ్ల చప్పుడు వినబడిందనిపించింది, అంత దూరం నుంచి వినబడదు, నేను అనుకున్నదే అయివుంటుంది. గాలికి షామియానా కొట్టుకుంటోంది. ఎంతసేపు అట్లా ఉన్నానో, గరిటె తిప్పానో లేదో నాకు తెలియదు.

ఆమె తిరిగి వచ్చేసరికి కాళ్లు తడిగా, పసుపుగా ఉన్నాయి. సిమెంటు నేల మీద ఒక అడుగు పూర్తిగా, ఒక అడుగు సగం పడుతూ వచ్చాయి.

"ఏడ్చిందా?" అన్నాను.

"ఏడవలా. ఇరిగిన కాలును మెల్లంగా పట్టుకునింది. నొప్పా పెద్దమ్మా అని అడిగింది. కాలి యేళ్ల సందుల్లో గూడా తోమింది" అంది. తర్వాత ముక్కు ఎగబీల్చి, గిన్నె వైపు చూసి, నా చేతిలోంచి గరిటె లాక్కుంది. అడుగు నుంచి కలిపితే నల్లటి పెచ్చులు పైకి తేలాయి. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

ఆ రోజు తల్లిదండ్రులకు కూడా అక్కడే భోజనం. అందరూ వరండాలో వరుసగా కూర్చున్నారు. ఎలిశబెతు టీచరు ముఖం వాచి ఉంది. అయినా తనే నీళ్లు పోస్తోంది. నేను కూడా చివర కూర్చున్నాను. టీసీ మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే పోలేరమ్మ అరిచింది.

"ఏం మే మాలకొండా! పండగ పూట సాంబారు మాడ్చినావే? పిల్లోళ్లు ఎట్టా తినేది ఇది? ఊరంతా వచ్చిన రోజే జెయ్యాల్నా?"

మాలకొండమ్మ సాంబారు బకెట్టుతో వరుస మధ్యలో ఆగింది. నా వైపు చూడనైనా లేదు.

"అవునక్కా, ఏమరపాటున…" అని మొదలుపెట్టింది.

"ఆమె గాదు. మాడ్చింది నేను" అన్నాను.

వరుస అంతా నా వైపు తిరిగింది.

"నువ్వా?" అంది పోలేరమ్మ.

"నేనే. గరిటె నా చేతిలో ఉండింది. ఇంగో మాట. ఆ పేరుకు గుర్తు పెట్టింది గూడా నేనే. ఫోను నా దగ్గర ఉండాది. చదవకుండా నొక్కినా. టీచరమ్మ తప్పేం లేదు."

టీచరు నీళ్ల జగ్గు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పెంచలకృష్ణ మాత్రం, "గరిటె నీకిచ్చినామె బుద్ధి తక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. పోలేరమ్మ కూడా నవ్వి ముద్ద మింగింది. మాలకొండమ్మ నా పళ్లెం దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, సాంబారు పోసి ముందుకు పోయింది.

తెల్లవారుజాము ఫోను మాట నాలుక చివర దాకా వచ్చింది. మందిని చూశాను. మింగేశాను.

వినీల తన పళ్లెం ఎత్తుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులు ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఐదు రోజుల తర్వాత తనంతట తాను నాతో మాట్లాడింది.

"మాడిందే బాగుండాది నాన్నా."

"అబద్ధాలాడొద్దు. తిను" అన్నాను.